తిరుగు దారి ఎప్పుడు మూసుకుంటుంది?

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దీవులకి కాలినడకన వెళ్లడం గురించి పోయిన సంచికలో రాశాను. అప్పట్నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. దాదాపు అందరూ అడిగింది ఒకటే: ఎన్నింటికి బయల్దేరాలి? ఎన్నింటికల్లా తిరిగి రావాలని అడిగినవాళ్లు చాలా తక్కువ. రేవులో పోటు కొలతలు రాసే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి నా ధ్యాస ఎప్పుడూ ఆ రెండో ప్రశ్న మీదే. కొన్నిటికి వివరంగానూ, కొన్నిటికి ఒక్క ముక్కలోనూ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. మేం వెళ్లినప్పుడు లిండిస్‌ఫార్న్ దీవికి నడిపిస్తానంటున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి నీళ్లు పూర్తిగా తగ్గుతాయట. అప్పుడు బయల్దేరితే సరిపోతుంది కదా? నాకు 61, మావారికి 66. మోకాళ్లు బాగానే ఉన్నాయి.

జవాబు: సరిపోదమ్మా. ఒంటిగంటా నలభైకి మీరిద్దరూ దీవి ఒడ్డున కూర్చుని కాళ్ల బురద కడుక్కుంటూ ఉండాలి. ఆటుపోట్ల పట్టికలో రాసే ఆ టైము, నీరు అన్నిటికన్నా కిందికి దిగే సమయం. ఆ తర్వాత ఇక పెరగడమే. అప్పుడు బయల్దేరితే నడకంతా పెరిగే నీటిలోనే సాగుతుంది.

అక్కడ దారులు రెండున్నాయి. ఒకటి కార్లు వెళ్లే రోడ్డు, 1954లో వేసింది. రెండోది పాత యాత్రికుల బాట. ఇసుకలో, బురదలో వరసగా పాతిన పొడవాటి కర్రల వెంట సుమారు 5 కిలోమీటర్లు నడవాలి. అక్కడి కౌంటీ కౌన్సిల్ ఏ రోజుకారోజు 'సురక్షితంగా దాటే వేళలు' ప్రకటిస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ వేళలు కార్ల రోడ్డుకి వర్తిస్తాయి, కర్రల బాటకి వర్తించవు. నడిచేవాళ్లు నీరు తగ్గుతూ ఉండగానే బయల్దేరి, పూర్తిగా తగ్గే వేళకల్లా అవతలి ఒడ్డు చేరాలి. ఇసుకలో మీ వయసువాళ్ల నడకకి రెండు గంటలు వేసుకోండి. అంటే పదకొండున్నర ప్రాంతంలో మొదటి కర్ర దగ్గర ఉండాలి. అప్పటికి దారిలో కొన్నిచోట్ల నీరు నిలిచే ఉంటుంది. పాదాలు తడవకుండా దాటాలని చూస్తూ ఆలస్యం చేయకండి.

నేను వెళ్లినప్పుడు మా గుంపులో ఒకాయన ప్రతి కర్ర దగ్గరా ఆగి భార్యకి ఫోటో తీశాడు. ఆ కర్రలన్నీ ఒకలాగే ఉంటాయి, ఆ ఫోటోలు కూడా ఒకలాగే వచ్చి ఉంటాయి. గైడ్ ఏమీ అనకుండా వాచీ చూపించింది. ఫోటోలు అవతలి ఒడ్డున తీసుకోవచ్చు. దారిలో వినాల్సింది మాత్రం ఒకటుంది. దూరంగా ఇసుక తిన్నెల మీద సీల్స్ కూస్తుంటాయి. మొదటిసారి వింటే ఎవరో ఏడుస్తున్నారనుకుంటారు.

ఇక తిరుగు ప్రయాణం. అదే రోజు అదే బాటలో నడిచి వెనక్కి రావాలనుకోకండి. రాత్రికి దీవిలో ఉండండి. లేదా ఎవరైనా ముందే కారు తెచ్చి దీవిలో పెడితే, రోడ్డు తెరిచి ఉన్న వేళలోనే అందులో వచ్చేయండి. రోడ్డు పక్కనా, బాట పక్కనా ఎత్తయిన స్తంభాల మీద చిన్న చెక్క గదులు కనిపిస్తాయి. ఇరుక్కుపోయినవాళ్లు నిచ్చెన ఎక్కి అందులో కూర్చుని, నీళ్లు మళ్లీ తగ్గేదాకా గంటల తరబడి కింద తమ కారు మునిగి ఉండడం చూస్తూ గడపాల్సి వస్తుంది. కార్లవాళ్లు అలా చిక్కుకోవడం అక్కడ కొత్త విషయమేమీ కాదు.

ప్రశ్న: ఫోన్‌లో ఒక టైము, అచ్చు పట్టికలో ఇంకో టైము చూపిస్తున్నాయి. సరిగ్గా గంట తేడా. ఏది నమ్మాలి?

జవాబు: సరిగ్గా గంట తేడా అంటే ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకి జరిపే దేశానికి వెళ్తున్నారన్నమాట. అచ్చు పట్టికల్లో చాలావాటిని ఏడాది పొడవునా ఒకే ప్రామాణిక సమయంలో వేస్తారు. ఆ గంట మనమే కలుపుకోవాలి. పట్టిక పైనో కిందనో చిన్న అక్షరాలతో రాసే ఉంటుంది, చదవండి. ఇంకో సంగతి. పట్టిక ఏ రేవుకి వేశారో అదీ చూడాలి. మీరు నడిచే చోటు ఆ రేవుకి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే పోటు వేళ కూడా అటూ ఇటూ అవుతుంది. నడకకి ఉన్న వ్యవధే మూడు నాలుగు గంటలైనప్పుడు అరగంట తేడా కూడా చిన్నదేం కాదు.

ప్రశ్న: పౌర్ణమి నాడు నీరు బాగా వెనక్కి పోతుంది కాబట్టి నడవడానికి అదే మంచి రోజని మా తమ్ముడి వాదన. కాదు, ప్రశాంతంగా ఉండే అష్టమి మేలని నేను. ఇద్దరం పందెం కాసుకున్నాం. తీర్పు మీదే.

జవాబు: పందెం డబ్బు చెరిసగం చేసుకోండి.

అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి రెండిటి లాగుడూ కలుస్తుంది. పోటు మరీ ఎత్తుకి వస్తుంది, ఆటు మరీ కిందికి దిగుతుంది. దీని ప్రభావం ఆ తిథి నాటికన్నా ఒకటి రెండు రోజుల తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండు లాగుళ్లూ ఒకదానికొకటి అడ్డంగా ఉండి తేడా తగ్గిపోతుంది. కొన్ని దీవులకి అష్టమి రోజుల్లో దారి బయటపడనే పడదు, లేదా కాసేపు కనిపించి మునిగిపోతుంది. అక్కడికి మీ తమ్ముడి మాట నిజం.

కానీ వెనక్కి వెళ్లిన నీళ్లన్నీ తిరిగి రావాలి కదా. ఒక ఆటు నుంచి పోటు దాకా పౌర్ణమికైనా అష్టమికైనా సుమారు ఆరుంబావు గంటలే. అదే వ్యవధిలో రెట్టింపు ఎత్తు ఎక్కాలంటే నీరు రెట్టింపు వేగంతో పెరగాలి. ఓడలవాళ్లు వాడే ఒక కాకిలెక్క ఉంది. మొత్తం పెరుగుదలని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి. మొదటి గంట చూసి 'ఏం పెరగలేదే' అనుకుంటారు. అసలు పెరుగుదల మూడో గంటలో మొదలవుతుంది.

ఫ్రాన్స్‌లోని మోన్ సాన్ మిషెల్ అనే దీవి తీసుకోండి. పెద్ద పోటు రోజుల్లో అక్కడ పోటుకీ ఆటుకీ తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. పై లెక్క ప్రకారం మూడో గంటలో మూడున్నర మీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 6 సెంటీమీటర్లు. వెయ్యి మీటర్లకి ఒక్క మీటరు వాలున్న ఇసుక మైదానంలో నిటారుగా మూడున్నర మీటర్లు పెరిగిన నీరు, అడ్డంగా మూడున్నర కిలోమీటర్లు పాకుతుంది. ఇసుకలో మనం గంటకి నడిచేదీ ఇంచుమించు అంతే. అక్కడ పోటు దౌడు తీసే గుర్రంలా వస్తుందని చెప్పుకుంటారు. గుర్రం సంగతి ఎక్కువ చేసి చెప్పిందేగానీ, మనిషి నడకతో పోటీ పడుతుందన్నది వట్టి మాట కాదు. పైగా అలాంటి అఖాతాల్లో నీరు తగ్గడానికి పట్టేంత సమయం పెరగడానికి పట్టదు. కాకిలెక్క చెప్పిన దానికన్నా తొందరగానే వస్తుంది.

పోటుకీ ఆటుకీ మీటరో మీటరున్నరో తేడా ఉండే తీరాల్లో పెరిగినవాళ్లకి ఇదంతా నమ్మబుద్ధి కాదు. నిజానికి అలాంటివాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. సముద్రం తమకి తెలుసన్న ధీమా వాళ్లకి ఉంటుంది.

పంచాంగం చూసేవాళ్ల కోసం ఒక ముక్క. ఒక చోట పౌర్ణమికి ఆటు ఏ వేళకి వస్తుందో, వచ్చే అమావాస్యకీ, ఆపై పౌర్ణమికీ ఇంచుమించు ఆ వేళకే వస్తుంది. మధ్య రోజుల్లో రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మీరు వెళ్లే చోటికి ఈ ఒక్క వేళ తెలిస్తే మిగతా రోజులు వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. ఇది ప్రయాణం ఏ వారంలో పెట్టుకోవాలో తేల్చుకోవడానికి. నడిచే రోజు మాత్రం పట్టికే చూడాలి.

ప్రశ్న: నాలుగు నెలల ముందే డబ్బు కట్టి గైడ్‌తో ఇసుక నడక బుక్ చేసుకున్నాం. ఆ ఉదయం ఎండ కాస్తోంది. పట్టిక ప్రకారం ఆటు. అయినా గాలి బాగాలేదని గైడ్ నడక రద్దు చేశాడు. మాతో పాటు ముప్పై మంది వెనక్కి తిరిగారు. ఇది అతి జాగ్రత్త కాదా?

జవాబు: మీ కోపం అర్థమైంది. డబ్బు వెనక్కి ఇవ్వకపోతే అది వేరే తగాదా, గట్టిగా అడగండి. రద్దు చేయడం విషయంలో మాత్రం నేను గైడ్ పక్షం.

పట్టిక చెప్పేది చంద్రుడి లెక్క, సూర్యుడి లెక్క. ఆనాటి గాలి సంగతి దానికి తెలియదు. ఏడాది ముందే వేసిన పట్టికలో తుపాను ఎలా ఉంటుంది? గాలి ఒత్తిడి ఒక్క మిల్లీబారు తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలుగా 1013 ఉండే ఒత్తిడి 980కి పడిందంటే, అలలు కాకుండానే 33 సెంటీమీటర్లు ఎక్కువ. దానికి తోడు సముద్రం మీద నుంచి ఒడ్డుకి గట్టి గాలి వీస్తే నీటిని లోపలికి తోస్తూనే ఉంటుంది. ఆటు రావాల్సినంత కిందికి రాదు, పోటు రావాల్సిన దానికన్నా ముందే దారి మీదికి వస్తుంది. పైన ఎండ కాస్తున్నా ఇదంతా జరుగుతుంది.

ఇంగ్లండ్‌లో మోర్‌కంబ్ బే అనే అఖాతం ఉంది. అక్కడ ఇసుక దాటించడానికి 16వ శతాబ్దం నుంచీ రాజు తరఫున ఒక అధికారిక గైడ్‌ని నియమిస్తూ వస్తున్నారు. సెడ్రిక్ రాబిన్సన్ అనే ఆయన 1963 నుంచి 2019 దాకా ఆ పదవిలో ఉన్నాడు. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా జనాన్ని తీసుకెళ్లే ముందు తాము వెళ్లి దారి చూసుకుని, లారెల్ కొమ్మలు పాతి గుర్తులు పెట్టుకుంటారు. ఎందుకంటే ఆ ఇసుకలో నీటి పాయలు చోటు మారుతుంటాయి. పోయిన వారం దాటిన చోట ఈ వారం నడుంలోతు ఉండొచ్చు. అదే అఖాతంలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి, గవ్వచేపలు ఏరడానికి తీసుకొచ్చిన చైనా వలస కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కుకుని చనిపోయారు. ఆ పోటు పట్టికలో ఉన్నదే. ఆ కూలీలకి చెప్పినవాళ్లు లేరు.

మీరు గైడ్‌కి కట్టిన డబ్బులో 'వద్దు' అనే మాటకీ కొంత ఉంది. నెదర్లాండ్స్‌లో వాడెన్ సముద్రపు బురద నేలలున్నాయి. అక్కడ దీవుల దాకా నడవాలంటే చాలా దారుల్లో అనుమతి ఉన్న గైడ్ లేకుండా దిగనివ్వరు. పొగమంచు పట్టిందంటే వాళ్లూ అడుగు వేయరు. నాలుగు వైపులా ఒకే రంగు ఇసుక ఉన్నప్పుడు కంటికి గుర్తేమీ లేక మనిషి తిన్నగా నడవలేడు. ఒడ్డుకే వెళ్తున్నాననుకుంటూ సముద్రంలోకి నడుస్తాడు.

ప్రశ్న: ఊబిలో కూరుకుపోతే సినిమాల్లోలా తల దాకా మునిగిపోతామా? ఆలోచిస్తేనే టెన్షన్.

జవాబు: మునగరు. నీళ్లు కలిసిన ఇసుక మన ఒంటికన్నా బరువైనది. అందుకే మనిషి తొడల దాకానో నడుం దాకానో దిగి ఆగిపోతాడు. భయం ఊబి గురించి పెట్టుకోవద్దు, ఊబిలో ఇరుక్కుని ఉండగా వచ్చే పోటు గురించి పెట్టుకోండి. కాలు దిగినట్టు అనిపించగానే నిలబడి పోరాడకండి. సంచీ విసిరేసి వెనక్కి వాలి కూర్చోండి, బరువు వెడల్పుగా పరుచుకుంటుంది. తర్వాత కాలిని అటూ ఇటూ చిన్నగా కదిలిస్తూ నీటికి సందు ఇవ్వండి. ఒక్కో కాలే నెమ్మదిగా వదులవుతుంది. పక్కవాళ్లు పరిగెత్తుకొచ్చి చంకల కింద పట్టి లాగితే నొప్పేగానీ లాభం ఉండదు, వాళ్లూ దిగబడతారు. వెంటనే సహాయానికి ఫోన్ చేయాలి, అయిదు నిమిషాలు చూద్దామని ఆగకూడదు.

ప్రశ్న: చెప్పులా, బూట్లా, వట్టికాళ్లా?

జవాబు: రాళ్లూ ఆల్చిప్పలూ ఉన్నచోట లేసులున్న పాత బూట్లు. నున్నటి ఇసుకైతే వట్టికాళ్లు, మోన్ సాన్ మిషెల్ అఖాతంలో చాలామంది అలాగే దాటతారు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వద్దే వద్దు. వాటిలో నీళ్లు నిండితే కాలెత్తలేరు. చెప్పులు మొదటి బురదగుంటలోనే ఉండిపోతాయి.

ప్రశ్న: కొరియాలో సముద్రం రెండుగా చీలి దారి ఇస్తుందని వీడియో చూశాను. ఇది నిజమా, కంప్యూటర్ మాయా?

జవాబు: నిజమే నాయనా. జిందో దీవికీ దాని పక్కనున్న చిన్న మోదో దీవికీ మధ్య సముద్రపు అడుగున మెట్టలాంటి నేల ఉంది. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం ఆటు మరీ కిందికి దిగినప్పుడు ఆ మెట్ట బయటపడుతుంది. పొడవు 2.8 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 40 మీటర్లు. రెండు పక్కలా నీళ్లుండగా మధ్యలో జనం నడుస్తుంటే సముద్రం చీలినట్టే ఉంటుంది. 1975లో ఫ్రాన్స్ రాయబారి ఒకాయన చూసి తమ దేశపు పత్రికలో రాశాక బయటి ప్రపంచానికి తెలిసింది. దారి తెరిచి ఉండేది గంటసేపే. వీడియోలో ఆ సంగతి చెప్పారా?

ప్రశ్న: గుజరాత్‌లో నిష్కళంక్ మహాదేవ్ దర్శనానికి అమావాస్య నాడే వెళ్లాలని మా అత్తగారి పట్టుదల. ఆమెకి 74 ఏళ్లు. తీసుకెళ్లొచ్చా?

జవాబు: భావ్‌నగర్ దగ్గర కోలియాక్ ఒడ్డు నుంచి కిలోమీటరుకి పైగా సముద్రంలోకి నడవాలి. చదరంగా ఉన్న అరుగు మీద అయిదు శివలింగాలుంటాయి. పాండవులు పాపం కడుక్కున్న చోటని నమ్మకం. పోటు వచ్చినప్పుడు జెండా స్తంభం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. ఖంబాత్ సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ గరాటులా ఇరుకవుతుంది కాబట్టి అక్కడి పోటు దేశంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి.

అమావాస్యకి నీరు బాగా తగ్గుతుంది, అంతవరకు మీ అత్తగారి మాట బాగానే ఉంది. ఇబ్బంది రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి జనం, రెండు నేను పైన చెప్పిన తిరుగు వేగం. పెద్దావిడ జారే రాళ్ల మీద, మెత్తటి బురదలో నడుస్తారు కాబట్టి మీ నడకకి రెట్టింపు సమయం వేసుకోండి. నీరు తగ్గుతుండగానే మొదటి గుంపుతో బయల్దేరండి. పూర్తి ఆటు వేళకి దర్శనం ముగించి, ముఖం ఒడ్డు వైపు తిప్పి ఉండాలి. ఆవిడ ఒప్పుకుంటే అమావాస్య ముందురోజో మర్నాడో వెళ్లండి. నీరు ఇంచుమించు అంతే తగ్గుతుంది, తోపులాట ఉండదు. తిథి విషయంలో ఆవిణ్ని ఒప్పించే పని మాత్రం మీ వారికి అప్పగించండి, కోడలు చెబితే జరిగేది కాదు.

ప్రశ్న: అన్ని జాగ్రత్తలూ తీసుకుని వెళ్లాం, దీవిలో కాస్త ఆలస్యమైంది. చూస్తే దారి మీద మోకాల్లోతు నీళ్లు. మా ఆయన దాటేద్దామంటాడు. ఏం చేయాలి?

జవాబు: దీవిలోనే ఉండిపోవాలి. మీకు కనిపించేది దారి ఈ చివర లోతు. ఇసుక మైదానం పైకి చదునుగా కనిపించినా మధ్యలో పాయలుంటాయి, నీరు ముందు వాటిని నింపుతుంది. చాలాసార్లు ఆ పాయ మీకూ ఒడ్డుకీ మధ్యలోనే ఉంటుంది. ఇక్కడ మోకాల్లోతు ఉన్నప్పుడు అక్కడ నడుం దాటిపోయి ఉండొచ్చు. మీరు అక్కడికి చేరేసరికి ఇంకా పెరుగుతుంది. పైగా అది పారే నీరు. వేగంగా పారితే మోకాల్లోతు నీరు కూడా పెద్దవాళ్ల కాళ్లు తన్నేస్తుంది. వేల్స్‌లోని వర్మ్స్ హెడ్ అనే దీవి దగ్గర దారి ఆటుకి రెండున్నర గంటల ముందు తెరుచుకుని, రెండున్నర గంటల తర్వాత మూసుకుంటుంది. అక్కడ చిక్కుకున్నవాళ్లకి చెప్పేదీ ఇదే: ఈదకండి, దిగకండి, మళ్లీ ఆటు వచ్చేదాకా ఆగండి.

ఒడ్డున మీకోసం ఎదురుచూసేవాళ్లకి ఫోన్ చేసి క్షేమంగా ఉన్నామని చెప్పండి, లేకపోతే వాళ్లు కంగారుపడి మిమ్మల్ని వెతుక్కుంటూ నీళ్లలోకి దిగుతారు. ఒంట్లో బాగోలేకపోయినా, చలి తట్టుకోలేకపోయినా తీర రక్షణ దళానికి చెప్పండి. బ్రిటన్‌లో అయితే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. ఐరోపాలో చాలా దేశాల్లో 112. మంచినీళ్ల సీసా, ఒక వెచ్చటి బట్ట, ఛార్జింగ్ ఉన్న ఫోన్ నా సంచీలో ఎప్పుడూ ఉంటాయి, మీరూ పెట్టుకోండి. మీ ఆయన అప్పటికీ వినకపోతే కారు తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి.